మట్టి గోడల చాటున కొయ్య దుకాణాలు

టోక్యో నగరం 1868 వరకు ఎడో అనే పేరుతో టోకుగావా షోగన్ల, అంటే చక్రవర్తి పేరిట దేశాన్ని ఏలిన సేనాధిపతుల, పాలనా కేంద్రంగా ఉండేది. వారి కోట చుట్టూ పెరిగిన వర్తకవాడలలో దుకాణాలు కొయ్య స్తంభాలు, దూలాలతో ఒకదానికొకటి ఆనుకొని ఉండేవి కాబట్టి, ఒకచోట రాజుకున్న మంట చలికాలపు పొడిగాలికి వీధులకు వీధులనే చుట్టబెట్టేది. 1657లో సంభవించిన మెయిరెకి అగ్నిప్రమాదంలో నగరంలో సగానికి పైగా బూడిదైంది. మృతులు లక్ష వరకు ఉంటారన్న అంచనాలున్నాయి. ఆ తరువాత పాలకులు ఖాళీ జాగాను నమ్ముకొని, ఇళ్లు తొలగించి, హిరోకోజి అనే విశాలమైన వీధులను మంటకు అడ్డుకట్టగా ఏర్పరచారు. అదే సమయంలో, జారిపడే పెంకులు మనుషులను గాయపరుస్తాయన్న కారణంతో సామాన్యుల ఇళ్లకు పెంకు కప్పును నిషేధించడం మాత్రం ఘోరమైన పొరపాటు; నిప్పురవ్వ పడితే చాలు అంటుకునే చెక్కపలకల కప్పులు ఆ నిర్ణయం వల్ల మరో అరవై ఏళ్లు వాడలమీద నిలిచిపోయాయి.

జాగా వదలడానికి మనసొప్పని ఖరీదైన నేలమీద వర్తకులకు దొరికిన ఉపాయం గోడ. దోజో అనే వారి గిడ్డంగి లోపల పూర్తిగా కొయ్య కట్టడమే. స్తంభాల వెలుపల వెదురు తడక అల్లి, గడ్డి కలిపి నానబెట్టిన మట్టిని ఒక పూత ఆరాక మరొకటిగా నెలల తరబడి మెత్తుతూ జానెడు మందానికి తెచ్చి, దానిపైన సున్నం, సముద్రపు నాచు జిగురు, నారపీచు కలిపిన షిక్కుయి అనే గారతో నున్నగా ముగించేవారు. మట్టి తాను అంటుకోదు సరికదా, వెలుపలి వేడిని లోపలి కొయ్యకు అంత త్వరగా చేరనివ్వదు. ఇక కిటికీల విషయానికి వస్తే, అసలు పనితనమంతా అక్కడే కనిపిస్తుంది: తలుపు రెక్కలను కూడా మట్టితోనే మందంగా చేసి, అంచులను మెట్లు మెట్లుగా మలచి, మూయగానే ఒక రెక్క మెట్లు మరొకదానిలో ఇమిడిపోయేలా అమర్చేవారు. అగ్నిగంట మోగిందంటే తాపీపనివారు పరుగున వచ్చి, ఇందుకోసమే తడి ఆరకుండా నిలవ ఉంచిన మట్టిని ఆ సందుల్లో మెత్తేవారు. ఒక్క సందు మిగిలినా నిప్పు లోపలికి దూరుతుంది, అప్పుడు ఎంత మందపు గోడ ఉన్నా సరుకు దక్కదు.

1720లో షోగన్ యోషిమునే పాలనలో పెంకుల నిషేధం తొలగి, గార గోడలకు ప్రోత్సాహం లభించడంతో, పెరటి గిడ్డంగికే పరిమితమైన ఈ నిర్మాణం వీధివైపు దుకాణానికీ విస్తరించింది. షికోకు ద్వీపంలోని వాకిమాచిలో నీలిమందు వర్తకులు ఇరుగుపొరుగు దుకాణాల నడుమ, పై అంతస్తు దగ్గర ముందుకు పొడుచుకువచ్చే చిన్న గార గోడను కట్టి, దానికీ పెంకు కప్పు వేశారు. ఉదత్సు అనే ఈ గోడ పక్కింటి మంటను ఆపడానికి పుట్టినా, పోనుపోను యజమాని సంపదకు గుర్తుగా మారింది. ఈ రక్షణ డబ్బున్నవారికే దక్కిందన్నది విస్మరించరాని సంగతి. వెనుక సందులలో కూలీలు, చేతిపనివారు నివసించిన నగయా అనే వరుస ఇళ్లు పలచని చెక్క గోడలతోనే ఉండిపోయాయి.

1881లో టోక్యో ప్రభుత్వం నిహోన్‌బషి, క్యోబషి, కాందా ప్రాంతాల ప్రధాన వీధుల వెంట ఇటుక, రాయి, లేదా దోజో కట్టడాలే ఉండాలని ఆదేశించింది. టోక్యోకు వాయవ్యాన ఉన్న కవగోయే పట్టణానికి ఆ పాఠం నేర్పింది మాత్రం నిప్పే. 1893 మార్చిలో అక్కడ చెలరేగిన మంటల్లో 1,302 ఇళ్లు, అంటే పట్టణంలో మూడోవంతుకు పైగా, కాలిపోగా, 1792లో కట్టిన ఒసావా కుటుంబపు మట్టి గోడల దుకాణం చెక్కుచెదరకుండా నిలిచింది. కళ్లెదుట కనిపించిన ఆ రుజువుతో వర్తకులు తమ దుకాణాలను నల్లని గార పూసిన మందపు గోడలతో, బరువైన పెంకు కప్పులతో తిరిగి కట్టుకున్నారు. వాటిలో కొన్ని నేటికీ ఆ పట్టణంలో ఉన్నాయి.

మట్టి గోడకు ఉన్న లోపం 1923 సెప్టెంబరు 1న టోక్యో పరిసరాలను కుదిపిన కాంతో భూకంపంలో బయటపడింది. మధ్యాహ్నపు వంట వేళకు వచ్చిన ఆ కుదుపుకు గోడలు బీటలువారి, గార ఊడి, పెంకులు జారిపోవడంతో, ఆ చీలికల గుండా నిప్పు లోపలి కొయ్యకు చేరింది. లక్షమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. జపాన్ 1950లో చేసిన భవన ప్రమాణాల చట్టం, దాని అమలు నిబంధనలు ఈ అనుభవాన్నంతా లెక్కలోకి తీసుకున్నట్టు కనిపిస్తాయి: నేల వైశాల్యం 1,000 చదరపు మీటర్లు దాటిన కొయ్య కట్టడాన్ని అంతకు మించని భాగాలుగా అగ్నినిరోధక గోడలతో విడదీయాలి, గోడ అంచులు వెలుపలి గోడలకూ కప్పుకూ కనీసం 50 సెంటీమీటర్లు బయటికి పొడుచుకురావాలి, అందులోని తలుపు వెడల్పు గానీ, ఎత్తు గానీ 2.5 మీటర్లు మించరాదు. ఒకవైపు కొయ్య అంతా కాలి కూలిపోయినా గోడ తనంతట తాను నిలబడగలగాలి.