తలంటు: కుంకుడుకాయ నుంచి షాంపూ దాకా, మళ్లీ కుంకుడుకాయ దాకా

తలకు నూనె పట్టించి, కొంతసేపు నాననిచ్చి, ఆ తరువాత జిడ్డు వదిలేలా రుద్ది చేసే స్నానాన్ని తలంటు అంటారు. జిడ్డు వదిలించడానికి తెలుగు నాట ఎక్కువగా వాడింది కుంకుడుకాయ, సీకాయ. 20వ శతాబ్దం చివరి పాతికేళ్లలో వాటి స్థానాన్ని చాలావరకు షాంపూ ఆక్రమించింది. 21వ శతాబ్దంలో షాంపూ మానేసి సహజ పదార్థాలతో తల కడుక్కునే అలవాటు పలు దేశాల్లో మొదలైంది. తెలుగువారికి మాత్రం ఇది కొత్త ప్రయోగం కాదు, అమ్మమ్మల తరం దాకా ఇంట్లో సాగిన పద్ధతి. అది ఎలా పనిచేసేదో, ఎందుకు వెనక్కి తగ్గిందో తెలిస్తే ఇప్పుడు దాన్ని ఎలా వాడుకోవాలో తేలిగ్గా తెలుస్తుంది.

పేరులో ఉన్న నూనె

తలంటు అనే మాటలో నురగ ఊసే లేదు. అంటడం అంటే పట్టించడం, రాయడం. మాడుకు నూనె పెట్టి మర్దనా చేయడమే తలంటులో ప్రధానమైన పని. కడగడం దాని వెనుక వచ్చేది.

షాంపూ అనే మాట కథ కూడా ఇలాంటిదే. హిందీలో చాంప్‌నా అంటే నొక్కడం, పిసకడం. ‘నొక్కు’ అని చెప్పే ‘చాంపో’ అనే రూపమే 18వ శతాబ్దంలో ఇంగ్లిషులోకి షాంపూగా వెళ్లింది. అప్పట్లో దాని అర్థం ఒంటికి చేసే మర్దనా. ఈ మాటకు ఇంగ్లండులో పేరు తెచ్చినవాడు 1759లో పట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్. 1794లో వెలువడిన ఆయన యాత్రా గ్రంథం భారతీయుడు ఇంగ్లిషులో ప్రచురించిన తొలి పుస్తకంగా పేరు పొందింది. 1810లో లండన్‌లో భారతీయ వంటకాల హోటల్ తెరిచాడు. తరువాత సముద్రతీర పట్టణమైన బ్రైటన్ చేరి ఆవిరి స్నానం, మర్దనా చేసే స్నానశాల నడిపాడు. నాలుగో జార్జి, నాలుగో విలియం రాజులకు మర్దనా వైద్యుడిగా నియమితుడయ్యాడు. 1851లో అక్కడే కన్నుమూశాడు. ఆయన స్నానశాలలో షాంపూ అంటే చేతి పనే, సీసాలో ద్రవం కాదు. ఆ మాట తల కడగడానికి అతుక్కుంది 19వ శతాబ్దపు రెండో సగంలో.

తలంటు, షాంపూ రెండూ చేత్తో మర్దించే పనికి పెట్టిన పేర్లే. తరువాతి కాలంలో చేతి పని వెనక్కి పోయి నురగ ముందుకు వచ్చింది.

కుంకుడు, సీకాయ

కుంకుడు చెట్టు లిచీ పండు కుటుంబానికి చెందినది. దక్షిణాదిన పెరిగే రకం సపిండస్ ట్రైఫోలియేటస్. దీని కాయ రెండు మూడు పాయలు కలిసి అతుక్కున్నట్లు ఉంటుంది. హిమాలయ ప్రాంతాల్లో పెరిగే సపిండస్ ముకొరోస్సి కాయ గుండ్రంగా ఒంటిగా ఉంటుంది. దాన్ని హిందీలో రీఠా అంటారు. సంస్కృతంలో కుంకుడుకు అరిష్టక, ఫేనిల అనే పేర్లున్నాయి. ఫేనం అంటే నురగ. 1753లో లిన్నేయస్ వర్గీకరణలో చేరిన సపిండస్ అనే పేరు లాటిన్‌లోని సబ్బు, ఇండియా అనే మాటల కలయిక. అయితే ఆనాటి యూరప్ వాడుకలో ఇండియా అంటే అమెరికా ఖండపు దీవులు కూడా. అక్కడి ఆదివాసులూ ఈ జాతి చెట్ల కాయలతోనే ఉతుక్కునేవారు, కడుక్కునేవారు.

సీకాయ ముళ్లతో పైకి పాకే తీగ జాతి మొక్క. శాస్త్రనామం సెనగాలియా రుగేటా. పాత పుస్తకాల్లో అకేసియా కన్సినా అని కనిపిస్తుంది. ఎండిన కాయలను పొడి కొట్టి వాడతారు. నురగ కుంకుడు కంటే తక్కువ, జుట్టును ఎండగట్టే గుణమూ తక్కువే. అందుకే చాలామంది రెండూ కలిపి వాడేవారు.

కుంకుడు తలకే పరిమితం కాలేదు. పట్టుచీరలు, ఉన్ని బట్టలు దాని రసంలో ఉతికేవారు. కంసాలులు బంగారు, వెండి నగలకు మెరుపు తెప్పించడానికి వాడేవారు. ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లాలో రీఠా మీఠా సాహిబ్ అనే గురుద్వారా ఉంది. గురునానక్ అక్కడ చేదు కుంకుడుకాయలను తీయగా మార్చాడని సిక్కులు నమ్ముతారు.

ఇలాంటి మొక్కలు ఇతర దేశాల్లోనూ ఉన్నాయి. అమెరికా ఆదివాసులు యుక్కా వేరును నురగ తీసి తలకు రుద్దుకునేవారు. మొరాకోలో ఘసూల్ అనే బంకమట్టి వాడతారు. చైనాలోని గ్వాంగ్‌షీ ప్రాంతపు యావో స్త్రీలు పులియబెట్టిన బియ్యపు కడుగుతో పొడవాటి జుట్టును కడుక్కుంటారు.

జిడ్డు ఎలా వదులుతుంది

కుంకుడు తొక్కలో, సీకాయలో ఉండే అసలు పదార్థం సాపోనిన్. దాని అణువులో ఒక కొస నూనెను పట్టుకుంటే, చక్కెర అణువులు అతుక్కున్న రెండో కొస నీటిని పట్టుకుంటుంది. జిడ్డు ఈ రెంటి మధ్య చిక్కుకుని నీటితో పాటు జారిపోతుంది. సబ్బు, షాంపూ చేసే పనీ ఇదే. కాబట్టి కుంకుడు వాడటం ఆచారానికి మాత్రమే చెందిన విషయం కాదు. అది చెట్టుకు కాసిన డిటర్జెంటు.

తేడా ఆమ్ల, క్షార గుణాల్లో ఉంది. మాడు చర్మం స్వల్పంగా ఆమ్లగుణంతో ఉంటుంది. దాని పీహెచ్ దాదాపు 5.5. కుంకుడు, సీకాయ రసాలు కూడా ఆమ్లం వైపే ఉంటాయి. సబ్బు క్షారం. క్షారం తగిలితే వెంట్రుక పైపొరలోని పొలుసులు లేచి, ఒకదానికొకటి రాసుకుని చిక్కు పడతాయి. ఆమ్లం తగిలితే అవి అణిగి ఉంటాయి.

సాపోనిన్‌కు చెడ్డ గుణమూ ఉంది. కంట్లో పడితే విపరీతంగా మండుతుంది. చేపలకు విషం. కుంకుడు జాతి కాయలను నీటిలో కలిపి చేపలు పట్టే పద్ధతి పలు ఆదివాసీ సమాజాల్లో ఉండేది. చెట్టు నుంచి వచ్చిందంతా మెత్తనిదే అనుకోకూడదని కుంకుడుకాయే చెబుతుంది.

తెలుగు ఇంట తలంటు

కుంకుడుకాయలను రాతితో చితక్కొట్టి, నల్లని గింజలు తీసేసి, తొక్కలను వేడినీళ్లలో నానబెడతారు. నానాక బాగా పిసికి, పల్చటి గుడ్డలో వడకట్టి రసం తీస్తారు. కొందరు అందులో మందారాకు నూరి కలుపుతారు. ఆ జిగురు వల్ల జుట్టు చిక్కు పడకుండా మెత్తబడుతుంది. నానిన మెంతుల ముద్ద, ఉసిరి పొడి, అన్నం వార్చిన గంజి కూడా వాడతారు. ఒంటికి శనగపిండి, పెసరపిండితో చేసిన సున్నిపిండి నలుగు పెడతారు.

వరస ముఖ్యం. ముందు నువ్వుల నూనె కానీ, గుంటగలగరాకు వేసి కాచిన నూనె కానీ మాడుకు పట్టిస్తారు. అది నానాక కుంకుడు రసం. స్నానం అయ్యాక తుండుతో తుడిచి, తడి జుట్టుకు సాంబ్రాణి పొగ పడతారు. పసిపిల్లలకు, బాలింతలకు సాంబ్రాణి తప్పనిసరి. నూనె ముందు ఉండటం వల్ల కుంకుడు జుట్టును మరీ పొడిబార్చదు. కుంకుడు తరువాత ఉండటం వల్ల నూనె మాడు మీద పేరుకోదు.

ఉగాది, భోగి, నరక చతుర్దశి నాడు తెల్లవారుజామున అభ్యంగన స్నానం ఆచారం. పెళ్లిలో మంగళ స్నానానికీ తలంటు ఉంది. వారంలో చాలా ఇళ్లలో ఆడవారికి శుక్రవారం, మగవారికి శనివారం. అంటే తల రుద్దుకోవడం వారానికి ఒకసారి చేసే పని. కళ్లలో రసం పడి పిల్లలు ఏడిస్తే నోట్లో ఉప్పుకల్లు వేసి ఊరుకోబెట్టడం ఎన్నో ఇళ్లలో జ్ఞాపకంగా మిగిలింది.

సబ్బు నెగ్గలేని చోట షాంపూ నెగ్గింది

1888లో సన్‌లైట్ సబ్బు పెట్టెలు ఇంగ్లండు నుంచి కలకత్తా రేవుకు చేరాయి. 20వ శతాబ్దం ఆరంభంలో దేశంలోనే సబ్బు కర్మాగారాలు వెలిశాయి. మైసూరు సబ్బు కర్మాగారం 1916లో మొదలైంది. ఒంటి మీద సున్నిపిండి స్థానాన్ని సబ్బు నెమ్మదిగా తీసుకుంది. తల మీద మాత్రం అంత తేలిగ్గా కుదరలేదు. కారణం నీళ్లు. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉన్న ఉప్పునీటిలో సబ్బు విరిగి తెల్లటి తెట్టు కడుతుంది. అది వెంట్రుకలకు అంటి జుట్టు బిరుసెక్కుతుంది. ఆ నీళ్లలోనూ కుంకుడు పనిచేస్తుంది.

జర్మనీలో హాన్స్ ష్వార్ట్స్‌కోఫ్ 1903లో నీటిలో కలుపుకునే షాంపూ పొడిని అమ్మకానికి తెచ్చాడు. 1927లో ఆయన స్థాపించిన సంస్థ ద్రవరూప షాంపూ తెచ్చింది. అసలు మలుపు 1934లో అమెరికాలో వచ్చింది. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ సబ్బుకు బదులు కృత్రిమ డిటర్జెంటుతో డ్రీన్ అనే షాంపూ తయారుచేసింది. ఎలాంటి నీళ్లలోనైనా నురగ వస్తుంది, తెట్టు కట్టదు. కుంకుడుకు ఉన్న ఈ ఆధిక్యత అలా సీసాలోకి వచ్చింది.

అర్ధరూపాయి ప్యాకెట్

అయినా మన పల్లెలకు షాంపూ చాలాకాలం అందలేదు. సీసా ఖరీదు కూలి డబ్బుకు మించినది. దాన్ని మార్చింది తమిళనాడులోని కడలూరు. అక్కడి చిన్ని కృష్ణన్ ద్రవాలను చిన్న ప్యాకెట్లలో అమ్మే ఆలోచనకు ఆద్యుడు. 1980 ప్రాంతంలో ఆయన కుమారులు వెల్వెట్ షాంపూను ప్యాకెట్లలో తెచ్చారు. వారిలో ఒకరైన సి.కె. రంగనాథన్ విడిగా వచ్చి, 1983లో 15,000 రూపాయల పెట్టుబడితో తండ్రి పేరు మీద చిక్ షాంపూ మొదలుపెట్టారు. తరువాతి కాలంలో అది 50 పైసల ప్యాకెట్‌గానూ దొరికింది. కిరాణా కొట్ల ముందు దండల్లా వేలాడే షాంపూ ప్యాకెట్లు తెలుగు పల్లెల్లోనూ మామూలు దృశ్యమయ్యాయి.

కుంకుళ్లు కొట్టడం, నానబెట్టడం, పిసకడం, వడకట్టడం అంతా ఇంటి ఆడవారి చాకిరీయే. పెద్ద కుటుంబంలో తలంటు రోజంటే వారికి పొద్దంతా పని. ప్యాకెట్ ఆ పనిని తప్పించింది. షాంపూ నెగ్గడానికి ప్రకటనల కంటే ఇది పెద్ద కారణం. దాన్ని తక్కువ చేసి చూడటం న్యాయం కాదు. దానికి చెల్లించిన మూల్యమూ ఉంది. పొరలు పొరలుగా అతికించిన ఆ ప్యాకెట్లను మళ్లీ కరిగించి వాడటం కష్టం. అవి కాలువల్లో, పొలం గట్ల మీద మిగిలిపోతున్నాయి.

షాంపూ మానేసినవారు

వారానికొకసారి రుద్దుకోవడం పోయి రోజూ షాంపూ వాడటం అలవాటైన దేశాల్లో ఎదురుగాలి మొదలైంది. బ్రిటిష్ పత్రికా రచయిత మాథ్యూ పారిస్ తాను పదేళ్లకు పైగా షాంపూ వాడలేదని చెప్పాడు. ఆయనతో మాట్లాడిన సిడ్నీ రేడియో వ్యాఖ్యాత రిచర్డ్ గ్లోవర్ 2007లో తన శ్రోతలను ఆరు వారాలు షాంపూ మానేసి చూడమన్నాడు. పాల్గొన్న 500 మందికి పైగా శ్రోతల్లో 86 శాతం మంది తమ జుట్టు మెరుగైందనో, మునుపటిలాగే ఉందనో చెప్పారు. ఇది రేడియో సరదా పరీక్షే, వైద్య పరిశోధన కాదు. అయినా షాంపూ లేకుండా బతకలేమన్న నమ్మకాన్ని అది కదిలించింది. అదే దశాబ్దంలో ఉంగరాల జుట్టువారికి నురగ షాంపూ వద్దని చెప్పిన లొరెయిన్ మాసీ పుస్తకం కూడా ఆదరణ పొందింది.

షాంపూ మానేసినవారిలో చాలామంది వంటసోడాతో తల రుద్ది, నీళ్లు కలిపిన వెనిగర్‌తో కడుక్కునే పద్ధతి పట్టారు. ఇది మేలైన దారి కాదు. వంటసోడా నీళ్ల పీహెచ్ 8 దాటుతుంది. అంటే సబ్బులాగే క్షారం. కొన్నాళ్లకు జుట్టు బిరుసెక్కి, కొసలు చిట్లుతాయి. షాంపూ మానేస్తే మాడు నూనె ఊరడం తగ్గించుకుంటుందనే మాటకూ గట్టి రుజువు లేదు. ఆ నూనెను ప్రధానంగా శాసించేవి హార్మోన్లు.

పాటించేవారికి

షాంపూ మానాలనుకునేవారికి కుంకుడు, సీకాయ నమ్మదగిన దారి. రసం పల్చగా ఉండాలి, వేడి తగ్గాలి, కళ్లు మూసుకోవాలి. తీసిన రసం నిలవ ఉండదు, ఏ పూటకాపూట చేసుకోవాలి. పొడి కొనేటప్పుడు అట్ట మీద రాసిన పదార్థాల జాబితా చదవాలి. సీకాయ బొమ్మ ఉన్న సీసాలు కొన్నింటిలో నురగ వచ్చేది డిటర్జెంటు వల్లే. మానని చుండ్రు, మాడు మీద పొలుసులు, పుండ్లు ఉన్నవారు వైద్యులను చూడాలి. వారు రాసిన మందు షాంపూను సహజం కాదని పక్కన పెట్టడం తప్పు.

ఆంధ్రప్రదేశ్ మన్యంలో గిరిజనులు సేకరించే కుంకుళ్లను, సీకాయను 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొంటోంది. విదేశాల్లోని భారతీయ దుకాణాల్లోనూ ఈ పొడులు తెలుగువారికి దొరుకుతున్నాయి. ఇంటి పెరట్లో ఒక కుంకుడు చెట్టు ఉంటే ఇంటిల్లిపాదికీ సరిపోయేంత కాయ వస్తుంది. కాయ కొట్టే చాకిరీ ఒక్కరి మీదే పడకుండా ఇంట్లో అందరూ పంచుకుంటే, వారానికొక తలంటు ఈ రోజుల్లోనూ సాధ్యమే. చోటున్నవారు ఒక కుంకుడు మొక్క నాటండి.