పది షిల్లింగుల జీతంలో పెళ్లి బజారు

మా సాయంకాలపు తెలుగు తరగతిలో ఈ సంవత్సరం ఇద్దరు యువతులు తమ వివాహపు ఏర్పాట్లను తామే చూసుకుంటున్నారు. పట్టుచీర హైదరాబాదు నుంచి, పూలజడ విజయవాడ నుంచి, తలంబ్రాల పళ్ళెం అలంకరించి అమ్మే ఏదో దుకాణం నుంచి తెప్పించుకోవాలని వారి ఆలోచన. "మన పెళ్లిలా ఉండాలి కదా, టీచర్" అన్నారు. ఆ "మన" అనే మాట ఏ పెళ్లిని ఉద్దేశించినది? ఈ దేశంలో మన కుటుంబాలు నూట అరవై ఏళ్లకు పైగా పెళ్లిళ్లు చేస్తున్నాయి. వాటికి కావలసినవి ఎక్కడ కొన్నారు, ఏ డబ్బుతో కొన్నారు, ఆ పెళ్లిని ప్రభుత్వం పెళ్లిగా అంగీకరించిందా అన్నవి చరిత్ర ప్రశ్నలు. మన పిల్లలకు వాటి సమాధానాలు తెలియాలి.

1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ డర్బన్ రేవు చేరింది. అప్పటి నుంచి 1911 వరకు 1,52,184 మంది ఒప్పంద కూలీలుగా నేటాలుకు వచ్చారు. వారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు నుంచి వచ్చినవారే. విశాఖపట్టణం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు ఆ గుంపులో ఉన్నారు. ఓడ జాబితాలలో ఒక్కొక్కరికి ఒక సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, ఊరు, జిల్లా, ఒంటి మీది పుట్టుమచ్చ నమోదయ్యాయి. ఊరి పేర్లు గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు. మా ముత్తాత ఊరు ఏదో ఆ అక్షరాలను బట్టి నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

నూరుమంది పురుషులకు 40 మంది స్త్రీలు ఉండాలన్నది ఆనాటి నిబంధన. ఈ ఒక్క అంకెతోనే ఊరిలో తరతరాలుగా నడిచిన పెళ్లి లెక్కలు తారుమారయ్యాయి. కులం, గోత్రం, మేనరికం, ఇంటిపేరు అన్నీ చూసి సంబంధం కుదుర్చుకునే అవకాశం తోటల బారకాసులలో ఎందరికి ఉంటుంది? విశాఖ మనిషికి ఆర్కాటు పిల్లను, తెలుగింటికి తమిళ కోడలిని తెచ్చుకున్నారు. మన ఇళ్లలో తెలుగు, తమిళం కలిసిపోయి వినిపించడానికి ఇది ఒక పెద్ద కారణమని నా నమ్మకం.

ఇక డబ్బు విషయం. మొదటి సంవత్సరం జీతం నెలకు పది షిల్లింగులు. ఏటా ఒక షిల్లింగు పెరిగి అయిదవ ఏట పధ్నాలుగు అయ్యేది. ఒక్కరోజు కూడా జీతం కోత పడకుండా అయిదేళ్లు పనిచేసినవానికి వచ్చే మొత్తం 720 షిల్లింగులు, అంటే 36 పౌనులు. అయితే కోత పడనివారు అరుదు. జబ్బు చేసినా, పనికి రాకపోయినా జీతం తరిగేది. బియ్యం, పప్పు, నూనె, ఉప్పు, ఎండుచేప యజమాని ఇచ్చేవాడు. తక్కినవన్నీ ఆ షిల్లింగులతోనే కొనుక్కోవాలి.

అర సవరను విలువ పది షిల్లింగులు. మొదటి ఏడాది కూలీకి అది సరిగ్గా ఒక నెల జీతం. ఆ నాణెంలో నాలుగు గ్రాములకు కొంచెం తక్కువ బరువున్న 22 కారట్ల బంగారం ఉండేది. కూలీలలోనే కంసాలి పని తెలిసినవారు ఉండేవారు. పగలు చెరకు నరికి, రాత్రి దీపం వెలుగులో సవరన్లు కరిగించి పుస్తెలు చేసేవారు. మన ఆచారం ప్రకారం పుస్తెలు రెండు, ఒకటి పుట్టింటిది, ఒకటి అత్తింటిది. మా అవ్వ మెడలోని రెండు పుస్తెలు ఒక రంగులో ఉండేవి కావు. "రెండు చేతుల పని" అని నవ్వేది. ఒకటి ఇంగ్లీషు సవరను బంగారం, రెండవది ప్రిటోరియా నాణెం కరిగించినది అని ఆమె చెప్పేది. ప్రిటోరియా ముద్రణాలయంలో 1923 నుంచి 1932 వరకు సవరన్లు ముద్రించారు, అవ్వ పెళ్లి 1930 ప్రాంతంలో జరిగింది గనుక ఆ మాటను నేను నమ్ముతాను.

పెళ్లి జరిగితే సరిపోదు, నమోదు కావాలి. 1891 నాటి నేటాలు చట్టం కింద ఒప్పంద కూలీల వివాహాలను వలసదారుల సంరక్షకుని కార్యాలయంలో నమోదు చేయించుకోవాలి. తాళి కట్టినా, సప్తపది నడిచినా, ఆ పుస్తకంలో పేరు లేని భార్యకు హక్కులు నిలిచేవి కావు. తరువాత 1895 చట్టం ద్వారా, ఒప్పందం ముగిశాక ఇండియాకు తిరిగిపోకుండా ఇక్కడే ఉండదలచినవారి మీద ఏటా మూడు పౌనుల పన్ను వేశారు. అంటే 60 షిల్లింగులు, మొదటి ఏడాది జీతంలో సగం. ఆ పన్ను భార్య మీద కూడా, 1903 తరువాత 16 ఏళ్లు దాటిన కొడుకు మీద, 13 ఏళ్లు దాటిన కూతురి మీద కూడా పడింది. పెళ్లీడు పిల్ల ఇంట ఉన్న తండ్రి పెళ్లికి కూడబెట్టాలా, పన్ను కట్టాలా?

1913 మార్చిలో కేప్ న్యాయస్థానంలో జస్టిస్ సర్ల్ ఇచ్చిన తీర్పు ఇంతకన్నా పెద్ద దెబ్బ. క్రైస్తవ పద్ధతిలో జరగని, అధికారుల వద్ద నమోదు కాని వివాహాలకు గుర్తింపు లేదన్నది దాని సారాంశం. ఒక్క మాటతో హిందూ, ముస్లిం, పార్సీ ఇల్లాండ్రందరి స్థానం సందేహంలో పడింది. ఆ ఏడాది సత్యాగ్రహంలో స్త్రీలు ముందుకు రావడానికి ఈ తీర్పు ముఖ్యకారణం. కస్తూర్బా జైలుకు వెళ్లారు. ట్రాన్స్‌వాల్ స్త్రీలు న్యూకాసిల్ గనులకు వెళ్లి కూలీలను సమ్మెకు పిలిచారు. జైలులో జబ్బుపడి విడుదలైన తమిళ బాలిక వళ్ళియమ్మ 1914 ఫిబ్రవరిలో మరణించింది. ఆ సంవత్సరమే వచ్చిన ఇండియన్ రిలీఫ్ చట్టం మూడు పౌనుల పన్నును రద్దు చేసి, ఏకపత్నీ వివాహాలకు గుర్తింపు ఇచ్చింది. మన పిల్లలు సమ్మెను గురించి బడిలో చదువుతారు. అందులో పుస్తె గౌరవం కూడా ఉన్నదని ఎవరూ చెప్పరు.

ఇప్పుడు బజారుకు వద్దాం. గ్రే స్ట్రీట్, విక్టోరియా స్ట్రీట్ వీధులు మన పెళ్లిళ్లకు కేంద్రాలయ్యాయి. విక్టోరియా స్ట్రీట్‌లో 1910లో ఇండియన్ మార్కెట్ ఏర్పడింది. అవ్వ మాటల్లో పెళ్లి బజారంటే ఒక పగలు, రెండు సంచులు. పసుపు, కుంకుమ, జీలకర్ర, వక్కలు, కర్పూరం మార్కెట్‌లో. చీర గుజరాతీ వ్యాపారి దుకాణంలో, అరువు మీద. గాజులు ఆర్కేడ్ సందులో. కొబ్బరికాయలను చెవి దగ్గర ఊపి చూసి ఎంచుకోవడం ఒక విద్య, ఆ విద్య నాకూ అబ్బింది.

కొనవలసిన అవసరం లేనివే ఎక్కువ, అదే నేను గట్టిగా చెప్పదలచినది. నేటాలు నేలలో మామిడి, అరటి బాగా పండుతాయి. తోరణానికి మామిడాకులు, పందిరి గుంజకు అరటిచెట్టు పెరటిలోనివే. బంతిపూలు మన తోటమాలులు పెంచినవి. బెల్లం చెరకు దేశంలో దొరకని వస్తువా? జీలకర్రా బెల్లం కలిపి వధూవరులు ఒకరి తల మీద ఒకరు ఉంచే శుభముహూర్తంలో, ఆ బెల్లం ఏ చేతులు నరికిన చెరకుదో ఆనాటివారికి తెలుసు. బియ్యం మాత్రం సముద్రం దాటి రావాలి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బియ్యం కరువై, పగలగొట్టిన మొక్కజొన్న నూకలు వండుకున్నారు. ఆ రోజులలో మా పెద్దత్త పెళ్లి జరిగింది. విందుకు నూకలన్నం పెట్టి, దాచిన రెండు దోసిళ్ల బియ్యాన్ని తలంబ్రాలకు పసుపు కలిపి వాడారట. తరువాత ఆ గింజలన్నీ ఏరి మరునాడు వండుకున్నారని అవ్వ చెప్పేది.

దుస్తులలోనూ ఇదే కథ. మా తాత పెళ్లి ఫోటోలో నల్లకోటు, టై, తలపాగా, మెడలో పూలమాల. అవ్వ సన్న అంచు చీరలో. ఆ కోటు తరువాత ఇరవై ఏళ్లు గుడికీ, కోర్టుకీ, చావులకూ వేసుకున్నాడు. పెళ్లి బట్ట నిత్యం కట్టగలిగేదిగా ఉండాలన్నది ఆ తరం వారి లెక్క. ఒకరోజు కట్టి పెట్టెలో దాచే చీర మీద నాకు పెద్ద గౌరవం లేదు.

1946లో భారతదేశం దక్షిణాఫ్రికాతో వ్యాపారం మానుకున్నది. జాతివివక్షకు వ్యతిరేకంగా ఏ దేశమూ అంతకు ముందు అలా చేయలేదు. అది న్యాయమైన నిర్ణయమే. కాని నాలుగు దశాబ్దాలకు పైగా మన పెళ్లికూతుళ్లకు కాంచీపురం, ధర్మవరం పట్టు నేరుగా అందలేదు. జపాన్ మిల్లుల జార్జెట్టు, నైలాను చీరలు గ్రే స్ట్రీట్ అద్దాల వెనుక వేలాడాయి. మా అమ్మ 1958లో అటువంటి గులాబి రంగు చీర కట్టుకుని పెళ్లి పీటల మీద కూర్చున్నది. జరీ లేదు, కాని ఆ పెళ్లి చెల్లలేదని ఎవరూ అనలేదు.

గ్రూప్ ఏరియాస్ చట్టం కుటుంబాలను మేవిల్, కేటో మేనర్ పెరళ్ల నుంచి చాట్స్‌వర్త్‌కు తరిమింది. పెరడు పోవడంతో పందిరి పోయింది, పెళ్లి హాలులోకి మారింది. అరటిచెట్టును కూడా కొనవలసి వచ్చింది. 1984లో నేను, మా ఆయన ఇద్దరం కొత్త ఉపాధ్యాయులం. పెద్దల దగ్గర డబ్బు లేదు, అందువల్ల మా పెళ్లిని మేమే ఏర్పాటు చేసుకున్నాం. బడి నోటుపుస్తకంలో ఒకవైపు తెచ్చుకోవలసినవి, మరొకవైపు అడిగి తీసుకోవలసినవి రాసుకున్నాం. రెండవ జాబితాయే పొడవు. పెద్ద డేగిసాలు గుడి నుంచి, కుర్చీలు పక్కవీధి నుంచి, వంటకు మామయ్యలు.

ఆ ఇద్దరు యువతులకు నేను చెప్పేది ఇంతే. హైదరాబాదు చీర తప్పక కొనుక్కోండి, బాగుంటుంది. కాని ముందుగా ఒక పని చేయండి. మీ పురోహితుడు ప్రభుత్వం నియమించిన వివాహాధికారి అవునో కాదో అడిగి తెలుసుకోండి. కాకపోతే హోం అఫైర్స్ కార్యాలయంలో విడిగా నమోదు చేయించుకోవాలి. ఆస్తులు ఎవరివి వారికి ఉండాలనుకుంటే వివాహానికి ముందే నోటరీ వద్ద ఒప్పందం రాయించుకోవాలి, లేకపోతే చట్టప్రకారం ఇద్దరి ఆస్తీ ఉమ్మడి అవుతుంది. హిందూ పద్ధతిలో మాత్రమే పెళ్లి చేసుకుని, నమోదు చేయించుకోని ఒక భార్యకు భర్త మరణానంతరం వారసత్వ హక్కు ఉన్నదని డర్బన్ హైకోర్టు 2008లో తీర్పు చెప్పింది. ఆ మాట అనిపించుకోవడానికి ఆమె కోర్టు మెట్లు ఎక్కవలసి వచ్చింది. నమోదుకు పట్టేది ఒక్క ఉదయమే, గుర్తింపు పత్రాలూ ఇద్దరు సాక్షులూ వెంట ఉండాలి.