ఖాళీ గడులు

మనకు క్రికెట్టు ఎట్లాగో అమెరికావారికి బేస్‌బాల్ అట్లాగు. ఆ ఆటగాళ్ళ చరిత్రపట్టికలలో ఏడాదికొక వరుస ఉంటుంది: ఎన్ని ఆటలు, ఎన్ని గెలుపులు, ఎన్ని పరుగులు. కొందరి పట్టికలలో మాత్రం నడుమ కొన్ని ఏండ్లు కనబడవు. ఆ ఖాళీలను గురించే ఈ నాలుగు మాటలు.

బాబ్ ఫెల్లర్ క్లీవ్‌లాండ్ జట్టు పిచ్చర్. అనగా మన బౌలరు వంటివాడు. 1939 నుండి 1941 వరకు మూడేండ్లలో 76 గెలుపులు సాధించాడు. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్‌పై జపాను దాడి జరిగిన వెంటనే నౌకాదళంలో చేరాడు. అప్పటికి వయస్సు 23. తండ్రి క్యాన్సరుతో మంచం పట్టి ఉన్నాడు. ఇంటికి ఆధారం తానే కనుక మినహాయింపు కోరవచ్చు. కోరలేదు. సైన్యంలో చేరిన పేరున్న ఆటగాళ్ళలో పలువురికి శిబిరాలలో ఆడి సిపాయిలను అలరించడమే పని అయింది. ఫెల్లర్ అట్లా ఉండలేక, అలబామా అనే యుద్ధనౌక ఎక్కి, విమానాలను కూల్చే ఫిరంగి జట్టుకు నాయకుడై పసిఫిక్ సముద్రంలో పోరాడాడు. అతని పట్టికలో 1942, 43, 44 లేనే లేవు. మొత్తం గెలుపులు 266 దగ్గర ఆగాయి.

టెడ్ విలియమ్స్ బాస్టన్ జట్టు బ్యాటరు. రెండవ ప్రపంచయుద్ధానికి మూడు సీజన్లు ఇచ్చాడు. 1952లో మళ్ళీ పిలుపు వచ్చింది. కొరియాపై 39 యుద్ధవిహారాలు చేశాడు. 1953 ఫిబ్రవరి 16న శత్రువుల కాల్పులకు మండుతున్న విమానాన్ని చక్రాలు లేకుండానే నేలకు దింపి ప్రాణాలతో బయటపడ్డాడు. తిరిగివచ్చి 1960 వరకు ఆడాడు.

వీరు తిరిగివచ్చినవారు. రెండవ ప్రపంచయుద్ధంలో మేజర్ లీగ్ ఆటగాళ్ళు ఐదువందలకు పైగా సేవచేయగా, పోరులో నేలకొరిగినవారు ఇద్దరు. ఇద్దరూ 1917లో పుట్టారు. ఇద్దరూ ఆ స్థాయిలో 1939లో మాత్రమే ఆడారు. ఇద్దరూ 27వ ఏట మరణించారు. ఎల్మర్ గెడియన్ ఆడినవి ఐదు ఆటలు. 1944 ఏప్రిల్ 20న ఫ్రాన్సుపై బాంబరు విమానం నడుపుతూ మరణించాడు. హ్యారీ ఓనీల్ ఆడినది ఒక్క ఆట. అందులోనూ బ్యాటు పట్టే వంతు రాలేదు. 1945 మార్చి 6న ఇవో జిమా ద్వీపంలో నేలకూలాడు.

యుద్ధమే లేకుంటే ఫెల్లర్ మూడువందలు దాటేవాడా అని అభిమానులు నేటికీ లెక్కలు కడతారు. ఓనీల్ విషయంలో కట్టడానికి లెక్కే లేదు. అతని వరుసలో ఒక ఆట, తక్కినవన్నీ సున్నలు.

బడిలో పిల్లలకు అరసున్న పాఠం చెప్పేవాణ్ణి. అది పలుకదు, కాని ఒకప్పుడు అక్కడ నిండుసున్న పలికేదని గుర్తుచేస్తుంది. ఓనీల్ వరుస చూసినప్పుడు నాకు ఆ పాఠమే గుర్తుకు వచ్చింది. గెలుపులు లెక్కించేటప్పుడు ఆ వరుసను కూడా ఒకసారి చదవాలి.