పెద్దబంకూరున దొరకిన రోము నాణెములు

నాగటిచాలున దొరకిన పాత నాణెమును మూసలో కరగించినచో వెండి మిగులును, చరిత్ర మిగులదు.

1970 ప్రాంతమున, నాటి కరీంనగరం జిల్లా పెద్దబంకూరులో రాష్ట్ర పురావస్తు శాఖవారు డాక్టరు వి. వి. కృష్ణశాస్త్రిగారి ఆధ్వర్యమున త్రవ్వకములు జరిపిరి. దాదాపు 22,000 శాతవాహన నాణెములు లభించెను. రోము చక్రవర్తుల వెండి నాణెములును బయల్పడెను.

అన్యదేశపు నాణెమును గుర్తించుటెట్లు? దక్షిణాపథమున విరివిగా దొరకిన తిబెరియసు నాణెమునే చూడుడు. తూకము 4 గ్రాములకు కొంచెము తక్కువ. ఒకవైపు ఆకుదండ దాల్చిన శిరస్సు. రెండవవైపు ఆసీనయైన స్త్రీమూర్తి. అంచున లాటిను అక్షరములు. దివ్యుడగు అగస్టసు కుమారుడు తిబెరియసు అని వాని భావము. అతడేలినది క్రీ.శ. 14-37. ఏటి సంఖ్య లేకున్నను పేరే కాలమును చెప్పును.

ఏటేట 5 కోట్ల సెస్టర్సులు, అనగా 1¼ కోటి దేనారియసులు, భారతదేశము పాలగుచున్నవని రోము పండితుడు ప్లీనీ వాపోయెను. శ్రీనాథుని కనకాభిషేకముతో మనమెరిగిన దీనార శబ్దమునకు ఆ దేనారియసే మూలము.

కావున నాణెము దొరకినవారు దానిని చింతపండుతో తోమరాదు, కరగింపరాదు. 10 రూపాయలకు మించిన నిక్షేపమును కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి చట్టము విధించినది. నాణెము ఒకరి చేతికి చిక్కినను, చరిత్ర ఊరందరి సొత్తు.