అనాగత దుఃఖం – శస్త్రానికి ముందే వేదనాశమనం

గతించిన దుఃఖం అనుభవంతోనే క్షీణించింది, వర్తమాన దుఃఖం అనుభవంలోనే ఉంది, కనుక పరిహరింపదగినది ఇంకా రాని దుఃఖమే అని యోగసూత్రాల సాధనపాదానికి వ్యాసభాష్యం వివరణ. మోక్షశాస్త్రంలోని ఈ వివేకం శస్త్రచికిత్సాగారంలో ప్రవేశించడానికి చాలా కాలం పట్టింది.

శస్త్రకర్మకు పూర్వం రోగికి భోజనం పెట్టాలని, మద్యం అలవాటున్నవారికి తీక్ష్ణమద్యం ఇవ్వాలని సుశ్రుతసంహిత విధించింది. అన్నబలం వల్ల రోగి మూర్ఛిల్లడు, మత్తు వల్ల శస్త్రఘాతం తెలియదు అని హేతువు. మూఢగర్భం, ఉదరం, అర్శస్సు, అశ్మరి, భగందరం, ముఖరోగాలలో మాత్రం ఉపవాసమే విధి. ఉపాయం ముందుగానే మొదలైనా, దాని లక్ష్యం శస్త్రక్షణం వరకే.

నేడు మొయినాబాద్ చెంత ఉస్మాన్‌సాగర్‌లో నిలుస్తున్న మూసీ, ఆ ఆనకట్ట లేని రోజుల్లో నేరుగా హైదరాబాదు నగరంలోకి ప్రవహించేది. దాని తీరాన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో వైద్యుడు ఎడ్వర్డ్ లారీ క్లోరోఫాంను సమర్థించాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ధనసహాయంతో 1888, 1889 సంవత్సరాలలో క్లోరోఫాం కమిషన్లు జరిగాయి. రెండవదానికి లాన్సెట్ పత్రిక లాడర్ బ్రంటన్‌ను లండన్ నుండి పంపింది. క్లోరోఫాం వల్ల మరణం గుండె ఆగి సంభవిస్తుందా, శ్వాస ఆగి సంభవిస్తుందా అన్నది వివాదం. శ్వాసయే అని కమిషన్ తీర్పు. తేలికపాటి మత్తులోనే గుండె లయ తప్పి ఆగిపోగలదని 1911లో లెవీ నిరూపించడంతో ఆ తీర్పు నిలువలేదు. అయినా ఆ నగరం మత్తువైద్యానికి చేసిన సేవ అల్పం కాదు. ప్రపంచంలో తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరుగా పేరొందిన రూపాబాయి ఫర్దూన్‌జీ అక్కడే శిక్షణ పొందింది.

ఆ పండితులెవరూ అడగని ప్రశ్న ఒకటుంది. రోగి స్పృహలో లేనప్పుడు వేదన ఎక్కడికి పోతుంది? మన దర్శనాలు దీనికి సమీపంలోనే నిలిచాయి: సుషుప్తిలో అనుభవం లీనమైనా సంస్కారం నశించదు. మత్తు మనస్సును మూస్తుంది గాని, కోత పంపే వార్త వెన్నుపామును చేరుతూనే ఉంటుంది. 20వ శతాబ్ది ఆరంభంలో అమెరికా శస్త్రవైద్యుడు జార్జ్ క్రైల్ దీన్ని గ్రహించి, సంపూర్ణమత్తుతో పాటు కోత ప్రాంతపు నాడులకు కూడా మందు ఇచ్చాడు. గాయం తరువాత వెన్నుపాము నాడీకణాలు అతిస్పందనశీలం అవుతాయని 1983లో క్లిఫర్డ్ వుల్ఫ్ జంతుప్రయోగాలలో చూపాడు. స్వల్పస్పర్శ కూడా వేదనగా మారడానికి ఈ మార్పు ఒక కారణం. 1988లో పాట్రిక్ వాల్ శస్త్రానికి ముందే శమనం ఆరంభించాలని వాదించాడు.

సంస్కారంతో ఈ పోలిక పోలికే, ప్రమాణం కాదు. పైగా మానవులపై జరిగిన పరీక్షలు వాల్ ఆశను పూర్తిగా బలపరచలేదు. అదే మందును కోతకు ముందు ఇచ్చినా, తరువాత ఇచ్చినా కొన్నిటిలో భేదం స్వల్పం. గాయం వార్తలు ఒక్క క్షణంతో ఆగవు గనుక, శమనం ముందు మొదలై గాయం శాంతించేవరకు కొనసాగాలన్నది ఇప్పటి అవగాహన. 1908 వరదలో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని ముంచిన మూసీకి కూడా విశ్వేశ్వరయ్య చెప్పిన చికిత్స ఎగువన జలాశయమే. ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది.

ఆ జలాశయపు ఎగువ ప్రాంతంలో, చేవెళ్లలోనూ మొయినాబాద్ మండలపు ఎన్కేపల్లిలోనూ నేడు వైద్యకళాశాలలు ఉన్నాయి. సుశ్రుతుని భోజనవిధి ఇప్పుడు తలక్రిందులైంది. సాధారణంగా తేలికపాటి ఆహారానికి ఆరు గంటలు, నీటికి రెండు గంటలు విరామం. నొప్పిమాత్రను మాత్రం గుక్కెడు నీటితో ముందే మింగిస్తారు.