ఐస్ హాకీ ఫార్వర్డ్: డ్రాఫ్ట్‌కు ముందు స్కౌటింగ్

ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్ ఏటా జరిపే డ్రాఫ్ట్‌కు (క్లబ్బులు యువ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమానికి) ముందు, గోల్ చేయడమే ప్రధాన బాధ్యతగా ఉన్న యువ ఫార్వర్డ్‌ల సత్తాను క్లబ్బుల పరిశీలకులు అంచనా వేసే ప్రక్రియ ఇది. ఈ డ్రాఫ్ట్ 1963లో మాంట్రియల్‌లో మొదలైంది. 2005 నుంచి ఏడు రౌండ్లలో సాగుతోంది. ఆటగాడి స్కేటింగ్, షాట్, పాస్‌లతో పాటు ఎత్తు, బరువు కూడా చూస్తారు. కొలవడం తేలిక కనుక ఈ చివరి రెండింటికీ మోతాదు మించిన విలువ దక్కుతూ వచ్చింది. ఫార్వర్డ్ బ్రేడెన్ పాయింట్ ఇందుకు బలమైన నిదర్శనం. 2013–14లో జూనియర్ జట్టు మూస్ జా వారియర్స్ తరఫున 72 మ్యాచ్‌లలో గోల్స్, అసిస్ట్‌లు కలిపి 91 పాయింట్లు సాధించినా, పొట్టివాడైన అతడిని 2014 డ్రాఫ్ట్‌లో టాంపా బే క్లబ్బు 79వ స్థానంలో గానీ ఎంచుకోలేదు.

జూనియర్ లీగ్‌లో గోల్స్ కురిపించి పైస్థాయిలో తేలిపోయినవారూ ఉన్నారన్న అభ్యంతరం సరైనదే. అందుకే అంకెలు ఒక్కటే చాలవు. అవి ఎలా వచ్చాయో చూడాలి. పక్ కర్రకు తగలకముందే భుజం మీదుగా చూసి ఖాళీని పసిగట్టే ఆటగాడికి పెద్ద డిఫెండర్ల మధ్య కూడా వ్యవధి దొరుకుతుంది. 2005 తర్వాత అడ్డగింతలపై నిబంధనలు కఠినంగా అమలు కావడం ఇలాంటివారికి కలిసొచ్చింది. బ్రేడెన్ పాయింట్ కూడా 2020, 2021లలో లీగ్ ట్రోఫీ స్టాన్లీ కప్ గెలిచిన టాంపా బే జట్టులో ఆడాడు. 2022–23లో 51 గోల్స్ చేశాడు.