మా ఎడగారు పంట కథ

నాది ఉదయగిరి వైపు మెట్ట ఊరు. ఎండాకాలమంటే మాకు నెర్రెలిచ్చిన చేలు, బావి అడుగున బురద, అంతే. పెళ్లై కొడవలూరు వచ్చిన మొదటి ఏడాది, మే నెల మండుటెండలో ఇక్కడి ఆడవాళ్లు తలకు గుడ్డ చుట్టుకుని బురదలో వంగి వరి నాట్లు వేస్తుంటే నోరెళ్లబెట్టి చూశాను. మా అత్తయ్య నవ్వి, "ఎడగారు అంటే నీకు తెలీదామ్మా?" అన్నారు.

నిజంగానే తెలీదు. ఎడ అంటే నడుమ, కారు అంటే పంట కాలం. మా నెల్లూరు జిల్లాకు వానలు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి. పెద్ద పంట అప్పుడే. అది కోసిన తర్వాత మళ్లీ వానలొచ్చే లోపు, నడుమ పండించుకునేది ఎడగారు. ఏప్రిల్‌లో నారు పోసి, మేలో నాటి, ఆగస్టు, సెప్టెంబరుల్లో కోస్తాం.

ఈ ఏడాది ఆ పైరును నేను రోజూ వెళ్లి చూశాను. కారణం ఉంది. మామయ్య పోయాక సేద్యం చూసేవాళ్లు లేరు, ఉన్న నాలుగెకరాలూ కౌలుకిచ్చేద్దామని ఇంట్లో మాట నడుస్తోంది. అత్తయ్య అవునూ అనలేదు, కాదూ అనలేదు. పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని గెనాల మీద నడవడం మొదలుపెట్టారు.

నాటిన వారం రోజులు నారు పచ్చదనం పోయి పాలిపోయింది. నాకు దిగులేసింది. "వేళ్లు పట్టుకోనీ" అన్నారు అత్తయ్య. పది రోజులకు తేరుకుని పిలకలు వేసింది. రోహిణి కార్తె వడగాలిలో అన్నీ మాడిపోతుంటే మా కయ్యలు మాత్రం కళ్లకు చలవగా ఉన్నాయి.

"మీరు కాపురానికి వచ్చినప్పుడూ ఇలాగే ఉండేదా అత్తయ్యా?" అని అడిగాను.

"ఎక్కడమ్మా! వేసవిలో ఇదంతా బీడు, పశువులు తిరిగేవి. చెరువులో నీళ్లు మిగిలిన ఏడాదే కాసిన్ని కయ్యలు నాటేవాళ్లం" అన్నారు. ఆమె వచ్చింది 1968లో.

అంటే ఈ వేసవి పచ్చదనం ఎప్పటినుంచో ఉన్నది కాదు. ఒక్కో తరం ఒక్కో ముక్క చేర్చి కట్టుకున్నది.

మొదటిది ఆనకట్ట. 1852లో ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట వచ్చిన కొద్ది ఏళ్లకే, 1855లో నెల్లూరు దగ్గర పెన్నకూ కట్టారు. తర్వాత 1876-78లో ధాత కరువు వచ్చింది. మద్రాసు రాజధానిలో లక్షల మంది చనిపోయారు, మన జిల్లా కూడా అల్లాడింది. ఆ తర్వాతి పదేళ్లలోనే ఎగువన సంగం దగ్గర రెండో ఆనకట్ట లేచింది. అక్కడి నీళ్లు బుచ్చిరెడ్డిపాళెం పక్కనున్న కనిగిరి రిజర్వాయరుకు చేరి, కాలవల్లో మా కొడవలూరు కయ్యలదాకా వస్తాయి. (కనిగిరి పట్టణం అనుకునేరు, అది వేరు.)

అయితే ఆనకట్ట నీటిని మళ్లిస్తుందే గాని దాచిపెట్టదు. వేసవికి నీళ్లు కావాలంటే దాచే చోటు ఉండాలి. అదే సోమశిల. 1975లో పనులు మొదలై 1989 నాటికి పూర్తయింది. 78 టీఎంసీలు పడుతుంది. అది నిండిన ఏడాది మాకు ఎడగారు ఉన్నట్టు, నిండకపోతే లేనట్టే. అందుకే మా ఇళ్లలో సాగునీటి సలహా మండలి సమావేశం ఎప్పుడా అని పెళ్లి ముహూర్తం కోసం చూసినట్టు చూస్తారు.

నీళ్లున్నా విత్తనం కుదరాలి కదా. నెల్లూరుకు పేరు తెచ్చిన మొలగొలుకులు సన్నగా, రుచిగా ఉండేవి, కానీ ఎత్తుగా పెరిగి దాదాపు ఆరు నెలలు పొలంలోనే ఉండేవి. అలాంటి పైరు రెండు వానాకాలాల నడుమ ఇమడదు. 1966లో ఐఆర్ 8 వచ్చాక పొట్టి రకాలు, తక్కువ కాలపు రకాలు వరుసగా వచ్చాయి. "ఐఆర్ ఎనిమిది బాగానే పండింది గాని, అన్నం చల్లారితే బిరుసు. మీ మామయ్య తిట్టుకుంటూ తినేవారు" అని అత్తయ్య ఇప్పటికీ నవ్వుతారు. 1937 నుంచి పనిచేస్తున్న మన వరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిందే ఇప్పటి నెల్లూరు మసూరి, ఎన్ఎల్ఆర్ 34449. నాలుగు నెలల్లో చేతికొస్తుంది, అన్నమూ బాగుంటుంది.

జులైలో పైరు పొట్టకొచ్చింది. వరి పూత పొద్దుటిపూట కొద్ది గంటలే విచ్చుకుంటుంది. ఆ వేళకు ఎండ మరీ తీవ్రంగా ఉంటే గింజ కట్టక తాలు పోతుంది. ఆ వారమంతా అత్తయ్య ఆకాశం వంకే చూశారు. తర్వాత ఒకరోజు వెన్ను తుంచి, గింజను గోటితో నొక్కి నా వేలిమీద పెట్టారు. తెల్లటి పాల చుక్క. "గండం గడిచింది" అన్నారు.

కోత రోజు మిషను వచ్చింది. ఒకప్పుడు ఊళ్లో ఆడవాళ్లంతా కలిసి రోజులకొద్దీ కోసి, కుప్పవేసి, తూర్పారబట్టిన పని మధ్యాహ్నం భోజనాల వేళకు అయిపోయింది. నడుములు విరగ్గొట్టుకునే ఆ పని పోయినందుకు నాకు బాధ లేదు. కానీ ఆ పనితో పాటు కూలి గింజలు, ఇంటి గాదె, ఆడవాళ్లు దాచిన విత్తనాలు కూడా పోయాయి. వడ్లు పచ్చివి పచ్చిగానే లారీకెక్కుతాయి. పుట్టి అంటే మాకు 850 కిలోలు. పుట్టికి ఎంత పలికిందన్నదే ఇంటికి చేరుతుంది.

ఆ సాయంత్రం కౌలు మాట మళ్లీ వచ్చింది. ఈసారి నేనే నోరు విప్పాను. మూడెకరాలు ఇచ్చేద్దాం, ఇంటి తిండికి ఒక ఎకరం ఉంచుదాం, నేను చూసుకుంటాను అన్నాను. మావారు అత్తయ్య వంక చూశారు. ఆమె ఏమీ అనకుండా లోపలికి వెళ్లి, అటక మీదున్న పాత ఇత్తడి కుంచం దింపించి తోముకురమ్మని నాకిచ్చారు.

హైబ్రిడ్ మొక్కజొన్నకైతే ఏటా విత్తనం కొనాల్సిందే. నెల్లూరు మసూరికి ఆ అవసరం లేదు, మన గింజే మళ్లీ మొలుస్తుంది. బాగా పండిన మూల నుంచి ఏరి, ఎండబెట్టి, వేపాకు వేసి రెండు బస్తాలు కట్టాం. సోమశిలలో నీళ్లుంటే వచ్చే ఏప్రిల్‌లో వాటిని నానబెట్టి మండె కట్టాలి. ఎలా కట్టాలో అత్తయ్య దగ్గర నేర్చుకుంటున్నాను. పక్కన మా అమ్మాయి కూడా కూర్చుంటోంది.